క్రిస్మస్ సెలవులకి అవ్వోళ్ళింటికి పోతా ఉంటే ముందే చూసుకోవాల్సినవి

ఫస్టు సెలవుల సంగతి తేల్చుకోండి. మిషనరీ స్కూళ్ళ పిల్లలకి డిసెంబర్ చివర్లో దగ్గర దగ్గర వారం ఇస్తారు, మిగతా స్కూళ్ళకి 25 ఒక్కటే, వాళ్ళకి పెద్ద సెలవులంటే సంక్రాంతే. ఒకే కుటుంబంలో రెండు రకాల స్కూళ్ళ పిల్లలుంటే అందరూ కలిసేది 24 సాయంత్రమే అనుకుని ప్లాన్ వేసుకోండి, బెంగుళూరులో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎట్లాగూ మిగిలిన లీవులన్నీ అప్పుడే పెడతారు కాబట్టి వాళ్ళతో ఇబ్బంది లేదు.

అసలు విషయం ఏందంటే, ఏడాదంతా అవ్వా తాతా ఇద్దరే ఉండే ఇంట్లోకి మనం ఒక్కసారిగా పదిమంది దిగిపోతాం. ముందు మోటరు పోతాది, తర్వాత బాత్రూం నిండిపోతాది, ఆ తర్వాత అవ్వ నడుం పోతాది. మీరు చేసే ఏర్పాట్లన్నీ ఈ మూడిటి కోసమే అనుకోండి, మిగతా సరదా అంతా దానంతట అదే వస్తాది.

ఇంట్లో ఒక పెద్ద మనిషి, అంటే అల్లుడో కొడుకో ఎవురో ఒకరు, రెండ్రోజులు ముందే పోవాల. ఇది మాత్రం ఖచ్చితంగా చెయ్యండి. ఎందుకంటే మన చిత్తూరు, తిరుపతి పక్క వానలు అక్టోబర్ నించి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో గట్టిగా పడతాయి, 2021 నవంబర్లో తిరుపతి మునిగింది అందరికీ గుర్తుండే ఉంటాది, 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను కూడా క్రిస్మస్‌కి మూడు వారాల ముందే వచ్చింది. అంటే మీరు పోయేటప్పటికి ఆ పాత ఇల్లు నానిపోయి ఉంటాది. పెంకుటిల్లయితే జారిన పెంకులు సర్దాల, మిద్దె అయితే పైకెక్కి నీళ్ళు పోయే తూములో ఇరుక్కున్న ఆకులూ మన్నూ తీసెయ్యాల, సగం కారుడు ఆ తూము వల్లే. మచ్చు మీదున్న బొంతలూ దుప్పట్లూ దించి రెండు రోజులు బాగా ఎండబెట్టాల, లేకపోతే పిల్లలు మొదటి రాత్రే తుమ్ములు మొదలు పెడతారు. దులిపేటప్పుడు చేత్తో కాదు, కట్టెతో దులపండి, తేళ్ళుంటాయి.

పురుగూ పుట్రా గురించి ఇంకొంచెం. చలికాలంలో పాములు తక్కువే తిరుగుతాయి గానీ కట్టెల మోపు కిందా, కొట్టం పక్కన రాళ్ళ సందుల్లోనూ దూరి ఉంటాయి. పిల్లల్ని కట్టెలు తేవడానికి పంపొద్దు, రాత్రి బయటికి పోవాలంటే టార్చీ, చెప్పులు ఉండాల్సిందే, పొద్దున చెప్పులు దులిపి వేసుకోవాల. పొరపాటున ఏదన్నా కరిస్తే తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చెయ్యొద్దు, నాటు మందు కాడికి అసలే పోవద్దు. కరిచిన కాలు కదలనీకుండా పెట్టి 108కి ఫోన్ కొట్టి దగ్గర్లో పెద్ద గవర్నమెంట్ ఆస్పత్రికి తీసకపోండి, విరుగుడు ఇంజెక్షన్ ఆడనే ఉంటాది.

ఇంగ నీళ్ళు. చేనుకాడ బోరు నించి ఇంటికి పైపు వేసుకున్న ఇళ్ళయితే త్రీఫేస్ కరెంటు ఉన్నప్పుడే మోటరు తిరుగుతాది, అది పగలు 9 గంటలు ఇస్తారు గానీ టైము ఏదో అవ్వకో పక్కింటోళ్ళకో తెలుస్తాది, అడగండి. ఆ టైములో ట్యాంకూ తొట్టీ డ్రమ్ములూ అన్నీ నింపి పెట్టుకోవాల. సిటీలో మాదిరి షవర్ కింద అరగంట నిలబడే పిల్లోళ్ళకి ముందే చెప్పండి, ఒక మనిషికి ఒక బకెట్టు అని. బాత్రూం ఒక్కటే ఉంటే ఆడోళ్ళు, ముసలోళ్ళు ముందు, మగపిల్లోళ్ళు తొట్టి కాడ బయటే పోసుకోవచ్చు, వాళ్ళకి అదే ఇష్టం కూడా.

వేడి నీళ్ళకి హీటర్ రాడ్ తీసకపోదామని చూస్తారు చానా మంది. ఆ ఇంటి వైరింగు బల్బులూ ఫ్యానూ టీవీ కోసం వేసింది, ఎర్త్ ఉంటాదో లేదో కూడా గ్యారంటీ లేదు, రాడ్ వద్దు. బయట మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి తెల్లారుజాము 5కే మంట వేస్తే ఎనిమిదికల్లా అందరి స్నానాలూ అయిపోతాయి, చలి కాచుకోవడం కూడా ఆడనే అయిపోతాది. పలమనేరు, పుంగనూరు, మదనపల్లి పక్క చలి కింద తిరుపతిలో ఉన్నట్టు ఉండదు, స్వెట్టర్లు పెట్టుకోండి. కానీ రాత్రి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం పడుకోవద్దు, ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతాది.

వంట గురించి ఎంత చెప్పినా తక్కువే. డిసెంబర్ జనవరి అంటే మన పక్క అనపకాయల (చిక్కుడు జాతిది, సొరకాయ కాదు) సీజన్, మంచు పడినాక వచ్చే కాయకి ఒక వాసన ఉంటాది, చేతికి జిడ్డుగా అంటుకుంటాది, సంతలో కొనేటప్పుడు వాసన చూసే కొనండి. గింజలు ఒలిచి రాత్రంతా నీళ్ళలో నానేస్తే పొద్దునకి తొక్క వదులైపోతాది, రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే పప్పు చటుక్కున బయటికి దూకుతాది, అదే పితికిపప్పు. ఒక్క మనిషి చెయ్యాలంటే పూట పడతాది, అందుకే అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు ఎప్పుడూ చేసుకోదు. పిల్లలందరినీ వసారాలో గుండ్రంగా కూర్చోబెట్టి చెరొక గిన్నె ఇచ్చేయండి, ఫోన్లు వాళ్ళే పక్కన పెడతారు, ఒకరి మొహం మీదికి ఒకరు పితుక్కుంటా ఉంటారు, పోనీలే పది గింజలు పోతే పోయె. అల్లం తెల్లగడ్డ, ధనియాలు, కొబ్బిరి నూరి పోసి పులుసు పెడితే దోసెలోకీ సంగటిలోకీ రెండిటికీ సరిపోతాది.

సంగటి కూడా మీరే చెయ్యండి, అవ్వని తిన్నె మీద కూర్చోబెట్టి చెప్పమనండి. బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి నడిమధ్యన కుప్పగా పోసి కలపకుండా మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు వదిలేయాల, ఆ తర్వాతే కట్టెతో కెలకాల, ముందే కలిపితే ఉండలు కట్టేస్తాది. పదిమందికి కెలకాలంటే భుజాలు పడిపోతాయి కాబట్టి ఇది మగోళ్ళ పని అని నా అభిప్రాయం, ఎవురేమన్నా అనుకోండి. నాటుకోడి కావాలంటే రెండ్రోజుల ముందే ఊర్లో చెప్పి పెట్టుకోండి, 25 పొద్దున అడిగితే ఎవురి దగ్గరా దొరకదు.

మణుగుబూలు (మురుకులు), అత్తిరసాలు (అరిసెలు) 23కే కాల్చి డబ్బాల్లో పెట్టేయాల. ఎందుకంటే 24 రాత్రి క్యారల్స్ వాళ్ళు ఎన్నింటికి వస్తారో తెలీదు, పన్నెండైనా రావచ్చు, రెండైనా రావచ్చు, గిటారు, డ్రమ్ముతో ఇరవై మంది పిల్లోళ్ళు వాకిట్లో పాడతా ఉంటే చేతిలో ఏమీ పెట్టకుండా పంపితే అవ్వకి తలకొట్టేసినట్టు ఉంటాది. టీకి పాలు, ఒక కవర్లో కానుక రెడీగా పెట్టుకోండి. మీరు చర్చికి పోయే వాళ్ళు కాకపోయినా ఇది మాత్రం చెయ్యండి, ఊర్లో అందరూ చేస్తారు.

నక్షత్రం షాపులో కొనొద్దు, ఇంట్లోనే కట్టండి. వెదురు బద్దలు ఒకే కొలతవి పది కోసుకుని ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టాల, ఆ రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు మొనలూ దారంతో బిగించాల, తర్వాత లోపలి ఐదు మూలల్లో జానెడు పుల్లలు అడ్డం పెడితే మధ్యన ఉబ్బుతాది, పైన రంగు కాగితం మైదా జిగురుతో అంటించేయడమే. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం అంటుకుంటాది.

తిరగడానికి ఒక్క రోజే పెట్టుకోండి, అంతకు మించితే అవ్వోళ్ళింటికి వచ్చినట్టు ఉండదు, లాడ్జిలో దిగినట్టు ఉంటాది. వానలు బాగా పడిన ఏడు తలకోనలో నీళ్ళుంటాయి, సూళ్ళూరుపేట పక్కనోళ్ళకి పులికాట్లో ఫ్లెమింగోలు వచ్చే కాలం ఇదే, పుంగనూరు పక్కనైతే నడుమెత్తు కూడా లేని ఆ పొట్టి ఆవుల్ని పిల్లలకి చూపించండి. తిరుమల మాత్రం ఈ ట్రిప్పులో కలపొద్దు. వైకుంఠ ఏకాదశి డిసెంబర్ రెండో సగంలోనో జనవరి మొదటి సగంలోనో వస్తాది, ద్వార దర్శనం పది రోజులు ఉంటాది, ఆ పది రోజులూ తిరుపతి బస్టాండూ స్టేషనూ కిక్కిరిసిపోతాయి. తేదీ ముందే చూసుకుని హైదరాబాద్ నించి వచ్చేవాళ్ళు తిరుపతిలో దిగకుండా పాకాలకో చిత్తూరుకో టికెట్ తీసుకుంటే ప్రాణం హాయి.

పలమనేరు, కుప్పం, బంగారుపాళ్యం పక్క ఊర్లయితే రాత్రి చేన్లకాడికి పోవద్దు, కౌండిన్య అడవి ఏనుగులు దిగుతాయి, 2025లో గవర్నమెంటు కర్ణాటక నించి కుమ్కీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదు ఇచ్చిన వాటిని, తెప్పించింది కూడా వీటి కోసమే. ఏనుగులు వచ్చినాయంటే వీడియో తీద్దామని బైకులేసుకుని పోయే పిల్లోళ్ళకి గట్టిగా చెప్పాల. బెంగుళూరు నించి కార్లో వచ్చేవాళ్ళు మొగిలి ఘాట్ పగటి పూటే దాటండి.

వచ్చేటప్పుడు అవ్వకీ తాతకీ బీపీ, షుగర్ మాత్రలు రెండు నెలలకి తెచ్చేయండి, కేక్ కన్నా అదే ముఖ్యం. తిరిగి పోయేటప్పుడు అందరూ ఒకే రోజు బయల్దేరొద్దు, ఒకరిద్దరు ఒక రోజు ఆగి దుప్పట్లు ఉతికి ఆరేసి, పెద్ద బోకులు తోమి మచ్చు ఎక్కించి, ట్యాంకు నింపి పోవాల. మీరున్న వారంలో గ్యాస్ బండ సగం పైన అయిపోయుంటాది, ఇంకోటి మీ ఫోన్ నించే బుక్ చేసి డబ్బులు కట్టేయండి, అవ్వని అడిగితే ఇంకా ఉందిలే నాయనా అనే అంటాది.