అగ్నిపర్వత పాదరసం నమూనాల సేకరణకు ముందు జాగ్రత్తలు

అగ్నిపర్వత వాయువుల్లో పాదరసం ఎక్కువగా మూలక రూపంలోనే ఆవిరిగా వెలువడుతుంది కనుక, దాన్ని బంగారం నింపిన గొట్టాల్లో పట్టి, తరువాత ప్రయోగశాలలో వేడిచేసి కొలుస్తారు. బయలుదేరే ముందే ఆ గొట్టాలను కాల్చి శుద్ధిచేసి, కొనలు బిగించి, గాలి పంపని కొన్నింటిని, పోల్చి చూసేందుకు, ఖాళీ నమూనాలుగా వెంట ఉంచుకోవాలి.

ఆమ్ల వాయువులు బంగారం పట్టును దెబ్బతీస్తాయి కనుక ముందు సోడా లైమ్ (ఆమ్లాలను పీల్చుకునే క్షార పదార్థం) వడపోత అమర్చాలి. అయితే ఆ సోడా లైమ్ నుంచే పాదరసం రాదని ముందుగా పరీక్షించడం చాలామంది మరచిపోయే పని. పాదరస మిశ్రమంతో పూడ్చిన పళ్ళున్నవారి ఊపిరి సైతం నమూనాను చెడగొట్టగలదు.

మొత్తం ఉద్గారాన్ని సాధారణంగా పాదరసానికీ సల్ఫర్ డయాక్సైడ్‌కూ గల నిష్పత్తి నుంచి లెక్కిస్తారు కాబట్టి, రెండు పరికరాల గడియారాలూ ఒకే సమయం చూపేలా సరిచేయాలి.

ఆ ఉదయపు హెచ్చరిక స్థాయిని పరిశీలన కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. గాలికన్నా బరువై పల్లంలో చేరే కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్ల వాయువుల మాస్కు ఆపదు కనుక పల్లపు చోట్ల ఆగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే ముక్కు వాసన పట్టలేదు, కనుక వాయు సూచిక తప్పనిసరి.