పాత ఇంటికి మన చేతులు – మూడో పాఠం: చెమ్మ గోడకు సున్నపు గార

కిందటి పాఠంలో గోడకు అంటించమన్న ప్లాస్టిక్ కాగితాన్ని ఈపాటికి తీసి చూసే ఉంటారు. గోడను తాకే వైపు నీటి బొట్లు ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోందని అర్థం. గది వైపు ఉంటే గదిలో గాలి ఆడక, ఆవిరి చల్లటి గోడ మీద చేరుతోందని అర్థం. అలాంటివాళ్ళు ముందు బిగుసుకుపోయిన కిటికీలు తెరుచుకునేలా చేసుకోండి, గార సంగతి తర్వాత చూడొచ్చు. మా పడమటి గదిలో గోడ వైపే బొట్లు కట్టాయి. దానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు ముక్కలు. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో 1958లో కట్టిన పెంకుటిల్లు. పోయిన సంక్రాంతికి ముందు కొన్నాం. గోడలు 14 అంగుళాల మందం, ఇటుకా గానుగ సున్నమూ. పనంతా మావారూ నేనూ సెలవు రోజుల్లో చేసుకుంటున్నాం. మొదటి పాఠంలో పెంకులు, చూరు చూశాం. రెండో పాఠంలో గోడ చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న మన్ను తవ్వి పునాది అంచు బయటపెట్టాం. ఆ రెండూ చేయకుండా ఈ పాఠం మొదలుపెట్టొద్దు. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నంత కాలం ఎంత మంచి గార వేసినా నిలవదు.

సిమెంటు ఎందుకు వద్దంటున్నాను

మేము కొన్నప్పుడు పడమటి గదిలో కింద నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగు ఉంది. పాత గార పెచ్చులూడుతోందని ఎప్పుడో వేయించారట. పైకి గట్టిగానే ఉంది కానీ సుత్తి పిడితో తడితే డొల్లగా మోగింది. ఉలి పెట్టి ఎత్తితే బారెడు పెచ్చు ఒక్కసారిగా ఊడొచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే ఇటుక పైపొర దానికే అంటుకుని ఉంది. అంటే సిమెంటు గోడను వదల్లేదు, ఇటుకే చీలిపోయింది. మిగిలిన ఇటుకను వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలింది. అరవై ఏళ్ళు నిలిచిన ఇటుక అలా చేతిలో రాలుతుంటే చాలా బాధేసింది.

నేలలోని నీరు ఇటుకలో ఉండే సన్నటి రంధ్రాల గుండా, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. మామూలుగా మూడు నాలుగడుగులు ఎక్కుతుంది. నేలలో కరిగిన ఉప్పును కూడా వెంట తెస్తుంది. పైన సున్నపు గార ఉంటే నీరు దాని గుండా బయటికొచ్చి ఆరిపోతుంది, ఉప్పు గారలోనే గడ్డకట్టి కొన్నేళ్ళకు గారను రాలుస్తుంది. సిమెంటు నీటిని అంత తేలిగ్గా బయటికి రానివ్వదు. నీరు ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుకను పగలగొడుతుంది. గార రాలితే మళ్ళీ వేసుకోవచ్చు, ఇటుక రాలితే మాత్రం గోడే పోతుంది.

మా వీధి చివర, వయసు మీద పడి పని మానేసిన తాపీ మేస్త్రి తాతగారు ఒకాయన ఉన్నారు. ఆ గోడ చూసి ఆయన ఒకటే అడిగారు: "లోపల నీళ్ళుండగా బయట తలుపేసేస్తే అవెక్కడికి పోతాయమ్మా?"

మావారి అనుమానం ఇంకొకటి. తడి ఉన్నచోట సున్నం నిలుస్తుందా అని. మా కాలవలకు మొదట నీళ్ళిచ్చిన పాత ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మన ఊళ్ళకు సిమెంటు రాకముందు కట్టినదది, అందులో రాతికి పెట్టినది సున్నమే. అయితే అన్ని సున్నాలూ ఒకటి కావు. మన బజారులో దొరికే తెల్లటి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, తడిలో ఒంటరిగా గట్టిపడదు. దానికి బాగా కాలిన ఇటుకను పొడి చేసి కలిపితే ఆ పొడి సున్నంతో కలిసి తడిలోనూ పట్టు ఇస్తుంది. మేస్త్రీలు దాన్ని సుర్ఖీ అంటారు. కింది పొరలో అందుకే ఇటుక పొడి వేయబోతున్నాం.

సున్నం తడపడం

మనకు కావలసింది రాళ్ళ సున్నం. మా షాపుకు పిడుగురాళ్ల నుంచి వస్తుంది. సున్నపురాయిని 900 డిగ్రీల పైన కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పోయి మిగిలేదే ఇది. కొనేటప్పుడు గడ్డలు చూసుకోండి. బయట పొడైపోయిన గడ్డలు అప్పటికే గాలిలోని తేమ పీల్చేసినవి, వద్దనండి.

ఇక్కడ నేను చెప్పేది అక్షరం తప్పకుండా పాటించండి. రాళ్ళ సున్నం నీళ్ళలో పడితే నీళ్ళు సలసల మరుగుతాయి, చిమ్ముతాయి. అది కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. తమలపాకుల్లోకి వాడే సున్నం పొట్లం నొక్కి కళ్ళు పాడుచేసుకున్న పిల్లల సంగతి కంటి డాక్టర్లు చెబుతూనే ఉంటారు. అందుకని కళ్ళకు పక్కలు కూడా మూసి ఉండే అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడవు చేతుల చొక్కా వేసుకోండి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లాస్టిక్ డ్రమ్ము వాడొద్దు, ఇనప డ్రమ్ము కావాలి. ముందు నీళ్ళు పోసి, నీళ్ళలో సున్నం వేయాలి. సున్నం మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. పక్కన ఒక బకెట్ మంచినీళ్ళు పెట్టుకోండి. కంట్లో పడితే మరో ఆలోచన లేకుండా పావుగంటకు తక్కువ కాకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కిలో సున్నానికి సుమారు మూడు లీటర్ల నీళ్ళు. మేము 20 కిలోలు తడిపాం, ఒకేసారి కాదు, విడతకు ఐదు కిలోల చొప్పున. ఒక విడత మరగడం పూర్తిగా ఆగాకే ఇంకోటి. మావారు పొడవాటి కర్రతో కలియబెడుతుంటే నేను చిన్న చిన్న గడ్డలు వేశాను. మర్నాటికి చల్లారింది. సన్నటి జల్లెడలో వడగట్టి ఇంకో డ్రమ్ములో పోశాం. ఈ వడకట్టడం మానొద్దు. తడవని పలుకు ఒక్కటి గారలో మిగిలినా, నెలల తర్వాత తేమ పీల్చి ఉబ్బి, గోడ మీద పొక్కులా పేలుతుంది.

వడకట్టిన సున్నం మీద నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలిపి మూత పెట్టండి. మూడు వారాలు తక్కువలో తక్కువ. ఎంత నానితే అంత మెత్తన, చివరికి వెన్నముద్దలా వస్తుంది.

ఇసుకను కొలవడం

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు అని అందరూ చెబుతారు. మూడే ఎందుకో ఒక గ్లాసుతో మీరే చూసుకోవచ్చు. గ్లాసు నిండా ఎండిన ఇసుక పోసి తట్టి సర్దండి. ఇప్పుడు ఇంకో గ్లాసు నీళ్ళు తీసుకుని, ఇసుక పైదాకా నీరు కనిపించే వరకు మెల్లగా పోయండి. సుమారు మూడో వంతు గ్లాసు నీళ్ళు పడతాయి. ఇసుక రేణువుల మధ్య అంత ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీ నింపేదే సున్నం. మీ ఇసుకకు నీళ్ళు ఎక్కువ పడితే సున్నం కూడా ఆ మేరకు పెంచండి. లెక్క పుస్తకంలోంచి కాకుండా మీ పెరట్లో ఉన్న ఇసుకలోంచే రావాలి.

గోదావరి ఇసుక మంచిది, రేణువు గరుకుగా ఉంటుంది. సముద్రపు ఇసుక ఊరికే ఇచ్చినా తేవద్దు, ఉప్పు వదిలించుకోవడానికే కదా ఇంత పని. గాజు సీసాలో ఇసుకా నీళ్ళూ పోసి ఊపి రాత్రంతా ఉంచితే పైన బురద పొర ఎంత తేరిందో తెలుస్తుంది. పొర మందంగా ఉంటే ఇసుక కడిగి వాడాలి.

మా గోడ 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. మొత్తం గార 20 మిల్లీమీటర్ల మందం అనుకుంటే 74 లీటర్ల ముద్ద కావాలి. కింద రాలేదీ, ఇటుకల సందుల్లోకి పోయేదీ కలుపుకుని 90 లీటర్లు. సున్నం ఇసుక సందుల్లోకే పోతుంది కాబట్టి ఇసుక ఎంతో ముద్దా అంతే వస్తుంది. 15 లీటర్ల బకెట్‌తో ఆరు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల సున్నం. కింది పొరకు మాత్రం ఇసుకలో మూడో వంతు తీసేసి ఆ స్థానంలో ఇటుక పొడి వేయండి. అంటే సున్నం ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు. దానిలో అంగుళం ముక్కలుగా కత్తిరించిన కొబ్బరి పీచు నాలుగు గుప్పిళ్ళు విదిలించి కలిపాం, గార నెర్రెలివ్వకుండా పట్టుకుంటుంది. మా ఊళ్ళో పీచుకు కరువు లేదు.

నీళ్ళు విడిగా పోయనవసరం లేదు, నానిన సున్నంలో ఉన్నవే చాలు. మొదట పొడిపొడిగా ఉండి, ఇక కలవదేమో అనిపిస్తుంది. అప్పుడే చాలామంది నీళ్ళు పోసేస్తారు. పోయకండి. పార వెనక వైపుతో కొట్టండి, కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని తొక్కండి. పూర్వం ఎద్దులు తిప్పే గానుగలో రాతి చక్రం చేసిన పని ఇదే. అరగంటకు ముద్ద తాపీకి అంటుకుని జారకుండా నిలుస్తుంది. బెల్లం, కరక్కాయ నీళ్ళు గురించి చాలామంది అడుగుతారు. పాతకాలపు మేస్త్రీలు వాడినవే, వాటి గుణం వాటికుంది. కానీ పాళ్ళు చేతికి అలవాటు కానిదే వాటి జోలికి వెళ్ళొద్దని నా సలహా. ముందు ఉత్త సున్నం, ఇసుక ఎలా నడుచుకుంటాయో తెలుసుకోండి.

గోడ మీద

సిమెంటు పెచ్చులు తీశాక మేము గోడను వేసవి అంతా అలాగే వదిలేశాం. తెల్లగా పొంగిన ఉప్పును వారం వారం పొడి బ్రష్‌తో ఊడ్చి చేటలోకి ఎత్తి బయట పారేశాం. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది. బాగా రాలిన ఇటుకలు తొమ్మిది మార్చాం. సందుల్లో పొడైన సున్నాన్ని ముప్పావు అంగుళం లోతు దాకా గీకేశాం.

గార వేసే కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గార ఏం నిలుస్తుంది?

ముందు రోజు సాయంత్రం, ఆ పొద్దున ఒకసారి గోడ తడపండి. నీరు కారకూడదు, తడి మెరుపు పోయి చల్లగా ఉండాలి. మొదట సందులు నింపండి. తర్వాత తాపీతో ముద్దను విసిరి కొట్టండి, రుద్దొద్దు. విసిరితే గాలి బయటికి పోయి ఇటుకకు పట్టేస్తుంది. తాతగారు చూపించేదాకా నాకు మణికట్టు తిరగలేదు. ఆయన కుర్చీలో కూర్చునే "మోచెయ్యి కాదమ్మాయ్, మణికట్టు" అంటూ ఓ గంట చేయించారు. ఆ తర్వాత చేయి దానంతటదే నేర్చుకుంది.

మొదటి పొర 10 మిల్లీమీటర్లు. బద్దతో సమం చేసి, కాస్త బిగిశాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి, రెండో పొర పట్టుకోవడానికి. దాని మీద తడిపిన గోనె పట్టాలు వేలాడదీసి, వారం రోజులు పొద్దునా సాయంత్రం చిలకరించండి. గార త్వరగా ఎండితే గట్టిపడదు, పొడిపొడిగా రాలిపోతుంది. పది రోజుల తర్వాత బొటనవేలి గోరు దిగకపోతే రెండో పొర వేయండి. ఇది 8 మిల్లీమీటర్లు, ఇందులో ఇటుక పొడి అక్కర్లేదు. చెక్కతో గట్టిగా గుండ్రంగా రుద్దండి. సన్నటి నెర్రెలు వస్తే కంగారు వద్దు, తడి చేసి మళ్ళీ రుద్దితే మూసుకుంటాయి. పైన సన్న ఇసుకతో 2 మిల్లీమీటర్ల నునుపు పూత చివర్లో.

పసుపు పరీక్ష

గార గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. పైనుంచి లోపలికి, నెలల తరబడి. ఎంత లోతు మారిందో తెలుసుకోవడానికి ల్యాబులో ఒక ద్రావణం వాడతారు. మనింట్లో పసుపు చాలు. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రటి పారాణి అవుతుందని మనకు తెలిసిందే. గారలో ఓ మూల మేకుతో లోపలిదాకా గీరి రెండు చుక్కల పసుపు నీళ్ళు వేయండి. ఎర్రబడినచోట ఇంకా సున్నమే ఉంది. పసుపుగా ఉన్నచోట రాయి అయింది.

ఈ పాఠానికి మీ పని: సున్నం మూడు వారాలు నానాక పెరటి గోడ మీద చదరపు అడుగు మేర మాత్రం గార వేయండి, గది జోలికి వెళ్ళొద్దు. పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. నెలకోసారి పసుపు పరీక్ష చేసి, పసుపుగా నిలిచిన పొర ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి ఆ తేదీ కిందే రాసుకోండి. నాలుగో పాఠంలో వెల్ల వేద్దాం. అప్పటికి సున్నం కొంచెం మిగుల్చుకోండి, నీళ్ళు నిలిపి మూత పెట్టి ఉంచితే పాడవదు.