గ్రూపులో పెట్టే ముందు ఒక్క నిమిషం

వాట్సాప్, ఫేస్‌బుక్ ఈమధ్యే మొదలుపెట్టిన మన తిరుపతి పెద్దవాళ్లకు ఇది. టెన్షన్ పడక్కర్లేదు, పంపే ముందు ఇవి చూసుకోండి చాలు.

• ఫొటోలో దర్శనం టికెట్, ఆధార్ కార్డు కనబడుతున్నాయా? అయితే ఆ ఫొటో వద్దు.

• కల్యాణకట్టలో గుండు చేయించిన మనవడి ఫొటో ముద్దొస్తుంది, నిజమే. అయినా పెట్టే ముందు కోడలినో కూతురినో అడగండి. చుట్టాల పిల్లలైతే తప్పకుండా అడగాలి.

• 300 రూపాయల దర్శనం టికెట్ల లింకు వచ్చిందా? వెంటనే పదిమందికీ పంపేయకండి. టీటీడీ అసలు వెబ్‌సైట్ అడ్రస్‌లో ‘టీటీదేవస్థానమ్స్’ తర్వాత ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. పేరు దగ్గరగా ఉండి చివర వేరేగా ఉంటే నమ్మొద్దు. మీరు పంపారన్న నమ్మకంతోనే అవతలివాళ్లు డబ్బు కడతారు, నాకు అదే బాధ. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

• మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఘాట్ రోడ్డులో చిరుత, వరద అంటూ వచ్చే వీడియోలు ఎప్పటివో, ఎక్కడివో తెలియకుండా పంపకండి.

• ఎవరైనా పోయారని తెలిస్తే, ఇంటివాళ్లు చెప్పేదాకా గ్రూపులో పెట్టకండి. దూరాన ఉన్న కొడుకు ఆ మాట మీ మెసేజ్‌లో చదవకూడదు.

• తప్పు పడితే వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. మెసేజ్ నొక్కి పట్టుకుంటే ‘ఎడిట్’ కనిపిస్తుంది; కనబడకపోతే పైన మూడు చుక్కలు నొక్కి చూడండి.