ఎండలు ముదరకముందే ఊళ్లో చెప్పాల్సిన నల్లా నీళ్ల జాగ్రత్తలు

నల్గొండ, పాలమూరు వైపు ఎండాకాలంలో నీళ్ల పొదుపు అంటే నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లను తాగడానికి, వంటకు మిగుల్చుకోవడమే. అవి అయిపోతే బిందె పట్టుకుని మళ్లీ పాత బోరు దగ్గరికే పోతాం. ఆ బోరులో ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఏమవుతుందో మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవాళ్ల నడుములు, మోకాళ్లు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొదుపు సంఘం మీటింగుల్లో, బడిలో ఈ మాటతోనే మొదలుపెట్టండి. 'నీరే ప్రాణాధారం' అని గోడ మీద రాస్తే ఎవరూ నిలబడి చదవరు.

చెప్పేకన్నా చూపిస్తే మేలు. నీళ్లను అక్కడికక్కడే పరీక్షించే ఫీల్డ్ టెస్ట్ కిట్ దొరికితే బోరు నీళ్లు ఒక గొట్టంలో, నల్లా నీళ్లు ఒక గొట్టంలో పోసి అందరి ముందే మందు చుక్కలు వేయండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో ఆ మందు గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. 'మరగబెడితే పోతుంది కదా' అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ అడుగున ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా అంతే. పప్పుకూ, చాయ్‌కూ బోరు నీళ్లు వాడితే తాగినట్టే లెక్క.

ఇక అసలు తగాదా నల్లా గుంత దగ్గర. ప్రెషర్ తక్కువ వస్తోందని నల్లా కింద గుంత తవ్వి, పైపు కోసి, బిందె అందులో పెట్టి పట్టుకుంటాం. నీళ్లు ఆగిపోయాక పైపు ఖాళీ అయి లోపలికి గాలి పీలుస్తుంది. పైపు మూతి గుంతలోని బురదలో మునిగి ఉంటే ఆ బురదే లోపలికి పోయి, మర్నాడు పొద్దున మొదటి బిందెలో దిగుతుంది. నల్లాకు మోటారు బిగిస్తే ఇంకా ఘోరం: చివరి ఇళ్లకు చుక్క రాదు, పైపు ఎక్కడ పగిలి ఉంటే అక్కడి మురుగును కూడా గుంజుకొస్తుంది. గుంత పూడ్చి, నల్లాను నేల మీదికి తెచ్చి, ట్యాప్ బిగించాలి. ట్యాప్ లేని నల్లా నీళ్లు వదిలినంతసేపూ మోరీలోకి పారుతూనే ఉంటుంది.

ఈ మాట మగవాళ్లకు కూడా చెప్పాలి. మోటారు కొనేది, పైపు పట్టుకుని బండి కడిగేది ఎక్కువగా వాళ్లే. మీటింగుకు పిలిచేది మాత్రం ఆడవాళ్లను. బండికి ఒక బకెట్, ఒక గుడ్డ చాలు.

కొత్త నీళ్లు రాగానే నిన్నటి నీళ్లు పారబోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మూత పెట్టి, చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీసుకుంటే ఒక్క రోజుకు నీళ్లు చెడిపోవు. కాకపోతే డ్రమ్ములు, తొట్లు వారానికోసారి ఖాళీ చేసి, అంచులు పీచుతో రుద్ది ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుంటాయి. ఖాళీ చేసేముందు ఉన్న నీళ్లతో బట్టలు ఉతికేయండి. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి ఎలాగూ పోతాయి.

ఇంట్లో ఆర్వో (నీళ్లు శుద్ధి చేసే మిషను) ఉంటే, వృథా నీళ్లు బయటికి వచ్చే పక్క పైపు కింద బకెట్ పెట్టండి. మిషనులోకి పోయేది బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ ఆ వృథా నీళ్లలో ఇంకా ఎక్కువ చేరుతుంది. వాటిని పశువులకు పెట్టొద్దు, బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వదలొద్దు. బాత్రూమ్ కడగడానికి వాడండి.

నల్లా రెండు మూడు రోజులు ఆగి మళ్లీ వస్తే మొదటి బకెట్ తాగడానికి పట్టకండి, వాకిలి చల్లడానికి ఉంచండి. రంగు మారినా, వాసన వచ్చినా పంచాయతీకి ఆ రోజే చెప్పండి.