ఊరి నీళ్లకు ఊరి పరీక్ష – పాఠం 3: చివరి నల్లాలో క్లోరిన్ ఉందా?

గత రెండు పాఠాల్లో బావి, బోరింగ్, ట్యాంకీ చుట్టూ ఏమేం చూడాలో, సీసాలోకి నీళ్లు ఎలా పట్టాలో నేర్చుకున్నాం. ఈ పాఠంలో నీళ్ల పరీక్ష కిట్ తెరుద్దాం. మహారాష్ట్రలో సిరొంచ, అంకీసా వైపు గానీ, రాజురా, బల్లార్‌పూర్ వైపు గానీ ఉన్నవాళ్లకు కిట్‌తో వచ్చే కాగితం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లు కూడా అందులోని కొలతల దగ్గర తడబడటం చూశాను. అందుకే ఈ పాఠాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తున్నాను.

"ట్యాంకీలో బ్లీచింగ్ పొడి వేసేశాం" అని పంచాయతీలో అంటారు. నిజంగానే వేసి ఉండొచ్చు. కానీ ఊరి చివర వాడలో బిందె పట్టుకునే మనిషికి ఆ పొడి అందిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కనుక్కోవడం గురించే.

ఆ పొడితో నీళ్లలో చేరిన క్లోరిన్ ముందుగా అక్కడున్న మురికి మీద, నాచు మీద, కరిగిన ఇనుము మీద, సూక్ష్మజీవుల మీద ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు పోగా నీళ్లలో ఇంకా ఉన్నదాన్ని మిగులు క్లోరిన్ అంటారు. గొట్టంలో దారి పొడవునా నీళ్లకు కాపలా కాసేది ఇదే. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, క్లోరిన్ వేసిన నీళ్లు ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. వరద వచ్చి తగ్గాక, ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైనప్పుడు కనీసం 0.5 ఉండేలా చూడాలి. పొడి వేశాక నీళ్లను కనీసం అరగంట కదపకుండా ఉంచాలన్నది దీనితో పాటు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. వేసిన వెంటనే వాల్వు తిప్పేస్తే క్లోరిన్ తన పని చేసేలోపే నీళ్లు బిందెల్లోకి వెళ్లిపోతాయి.

ఇక పరీక్ష. మీ ఊరి కిట్‌లో రెండు రకాల మందుల్లో ఒకటి ఉంటుంది. నీళ్లను పసుపు రంగుకు తిప్పేది ఆర్థోటోలిడిన్. దీన్ని ఆరోగ్య శాఖవాళ్లు 'ఓటీ' అని పిలుస్తారు. గులాబీ రంగుకు తిప్పేది డీపీడీ. ఓటీ ఒంటికి మంచిది కాదు. చేతికి అంటితే వెంటనే కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా పెట్టాలి. రెండూ దొరికేచోట డీపీడీనే అడగమని నా సలహా.

నల్లా తిప్పి రెండు మూడు నిమిషాలు నీళ్లు పోనివ్వండి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లు పోయి ట్యాంకీ నుంచి వచ్చే నీళ్లు అందుతాయి. పరీక్ష గొట్టాన్ని అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, గీత వరకు నింపండి. కిట్ మీద రాసినన్ని చుక్కలే వేయండి. తక్కువ రంగు వచ్చిందని ఇంకో చుక్క వేయడం చాలామందికి అలవాటు, అలా వేస్తే ఆ లెక్క పనికిరాదు. మూత పెట్టి ఒకసారి తిరగేసి, రంగుల పట్టీ పక్కన పెట్టి చూడండి. వెనక తెల్ల కాగితం ఉండాలి, పగటి వెలుతురు ఉండాలి, ఎండ నేరుగా పడకూడదు.

ఓటీతో అయితే 10 సెకన్ల లోపే చూడాలి. అప్పుడు కనిపించేది స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్. ఆలస్యం చేస్తే పసుపు ముదురుతూ పోతుంది. అమ్మోనియా లాంటివాటితో కలిసిపోయిన క్లోరిన్ కూడా ఆ రంగులో చేరుతుంది. దానికి సూక్ష్మజీవులను చంపే బలం చాలా తక్కువ. పది నిమిషాల తర్వాత చూసి "బాగా పసుపుగా వచ్చింది" అని రాసుకుంటే ఊరంతా భద్రంగా ఉందని పొరబడతాం.

గడ్చిరోలి జిల్లాలో చాలా బోరింగుల నీళ్లలో ఇనుము ఉంటుంది. బిందె అడుగున ఎర్రగా తుప్పు దిగుతుంది కదా, అదే. ఇనుము, మాంగనీసు ఉన్న నీళ్లకు ఓటీ మందు క్లోరిన్ లేకపోయినా లేత పసుపు ఇవ్వగలదు. కాబట్టి పొడి వెయ్యని అదే బోరింగ్ నీళ్లను ఒకసారి పరీక్షించి పక్కన రాసుకోండి. అక్కడే పసుపు వస్తే మీ నల్లాలో కనిపించిన పసుపును నమ్మకండి.

పరీక్ష మూడుచోట్ల, ఒకే పూట చేయాలి. ట్యాంకీ నుంచి గొట్టం బయటికొచ్చే చోట ఒకటి, ఊరి మధ్యలో ఒకటి, గొట్టం చిట్టచివర ఒకటి. చివర అంటే మ్యాపులో చివర కాదు, నీళ్లు అందరికంటే ఆలస్యంగా, సన్నగా వచ్చే ఇల్లు. ఆ ఇంటివాళ్లను అడిగితే చాలు, వాళ్లకు తెలియకుండా ఉండదు. సమయం, ఎవరి ఇంటి దగ్గర, ఎంత వచ్చింది అనే మూడు గళ్లు నోటుబుక్కులో గీసుకోండి. ఒక రోజు అంకెతో ఏమీ తేలదు. వరసగా కొన్ని వారాలు రాస్తేనే ఊరి నీళ్ల తీరు బయటపడుతుంది.

ఇప్పుడు ఆ అంకెల్ని చదవడం. నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే భాగం ఇదే.

ట్యాంకీ దగ్గరే సున్నా వస్తే తప్పు గొట్టంలో లేదు. పొడి వేయలేదు, లేదా వేసిన పొడిలో బలం లేదు, లేదా నీళ్లు మరీ మురికిగా ఉండి మొత్తం తినేశాయి. ట్యాంకీ దగ్గర 0.5, మధ్యలో 0.4, చివర 0.2 ఉంటే గొట్టం ఆరోగ్యంగా ఉంది. అదే ట్యాంకీ దగ్గర 0.5, మధ్యలో 0.4 ఉండి చివర ఒక్కసారిగా సున్నాకు పడితే, ఆ మధ్యకీ చివరకీ నడుమ ఎక్కడో బయటి మురికి గొట్టంలోకి చేరుతున్నట్టు అనుమానించాలి. క్లోరిన్ ఊరికే మాయమవదు, దేనిమీదో ఖర్చవుతుంది.

ఆ దారి వెంట నడిచి చూడండి. మోరీ పక్కనే, కొన్నిచోట్ల మోరీలోంచే గొట్టం వెళ్తుంది. వాల్వు గుంతలో నల్లటి నీళ్లు నిలిచి ఉంటాయి. నీళ్లు అందడం లేదని ఇంటి ముందు గొయ్యి తవ్వి నల్లాను కిందికి దించుకుంటారు, ఆ గోతిలో గిన్నెలు కడిగిన నీళ్లు చేరతాయి. నీళ్లు వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లు బయటికి కారతాయి. వాల్వు కట్టేశాక ఒత్తిడి పడిపోతుంది, అదే చిల్లులోంచి బయటి మురికి లోపలికి వెళ్తుంది. ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు పెట్టి లాగితే ఇది నీళ్లు వస్తున్న సమయంలో కూడా జరుగుతుంది. మోటారు పెట్టినవాళ్లు పక్కింటి వాటా లాగేసుకుంటున్నారని గొడవలు అవుతుంటాయి. దానికంటే పెద్ద హాని, ఆ మోటారు మోరీ నీళ్లను ఊరందరి గొట్టంలోకి లాగడం. ఈ మాట గ్రామసభలో గట్టిగా చెప్పాలి.

చివరి నల్లాలో సున్నా వచ్చిన రోజే అక్కడి నీళ్లను హెచ్‌టూఎస్ సీసాలో, అంటే మలం కలిసిందేమో నలుపు రంగుతో తెలిపే మందున్న సీసాలో, పట్టి ఉంచండి. గీత వరకు నింపి, మూత బిగించి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట 24 నుంచి 48 గంటలు పెట్టాలి. నీళ్లు నల్లబడితే మలం కలిసినట్టు అనుమానించి ప్రయోగశాలకు పంపాలి. నల్లబడకపోయినా చివరి నల్లాలో క్లోరిన్ లేదన్న సమస్య అలాగే ఉంటుంది. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. సూక్ష్మజీవుల పరీక్షకు తీసిన నమూనాను మంచులో పెట్టి 24 గంటల లోపు చేర్చాలి, ఇంకా త్వరగా చేరితే ఇంకా మంచిది. క్లోరిన్ ఉన్న నీళ్లయితే ప్రయోగశాల ఇచ్చిన సీసానే వాడాలి. అందులో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటుంది, అది క్లోరిన్‌ను ఆపేస్తుంది. లేకపోతే దారిలో క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది, నల్లాలో ఉన్న పరిస్థితి ఫలితంలో కనబడదు. ఆ సీసాను లోపల కడగకండి.

పొడి ఎంత వేయాలి? అంచనాతో గుప్పెడు వేసే పద్ధతి వల్లే నాలుగు రోజులు సున్నా, ఐదో రోజు ముక్కు పగిలే వాసన వస్తుంది. ఆ ఐదో రోజు జనం వచ్చి గొడవ చేస్తారు, వాల్వు తిప్పే వాల్‌మన్ భయపడి పొడి మానేస్తాడు. రోజూ సరైన లెక్కలో వేస్తే వాసన లేతగానే ఉంటుంది. లెక్క కష్టమేమీ కాదు. 50,000 లీటర్ల ట్యాంకీలో లీటరుకు 2 మిల్లీగ్రాములు వేయాలనుకుందాం. మొత్తం 1,00,000 మిల్లీగ్రాములు, అంటే 100 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పొడిలో, అంటే మహారాష్ట్రలో టీసీఎల్ అనేదానిలో, దాదాపు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. అప్పుడు సుమారు 300 గ్రాములు సరిపోతుంది. సంచి తెరిచి తేమ తగిలి 20 శాతానికి పడిపోతే అదే పనికి 500 గ్రాములు కావాలి. 20 శాతం కంటే తగ్గిన పొడిని పరీక్షల్లో పనికిరానిదిగానే లెక్కిస్తారు. గడ్డలు కట్టి, ఘాటు వాసన పోయిన పొడి ఇంకా గదిలో ఉంటే సర్పంచ్‌కి, గ్రామసేవక్‌కి చూపించి మార్పించండి. కొత్త సంచిని ఎండ, చెమ్మ తగలని చోట మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. పొడి తీసేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

నీళ్లు ఎంత క్లోరిన్ తింటాయో ముందే కనుక్కోవాలంటే హారక్స్ పరికరం ఉంది. ప్రయోగశాల అందుబాటులో లేని సైనిక శిబిరాల కోసం బ్రిటిష్ సైన్య వైద్యుడు విలియం హారక్స్ తయారుచేసిన పద్ధతి ఇది. అందుకే మన ఊళ్లకు ఇంత బాగా సరిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి చూడండి. పెట్టెలో 200 మిల్లీలీటర్ల తెల్ల కప్పులు ఆరు, లోపల గీత ఉన్న నల్ల కప్పు ఒకటి ఉంటాయి. నల్ల కప్పులో పెట్టెలోని చెంచాతో ఒక చెంచా, అంటే 2 గ్రాముల పొడి వేసి, కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, గీత దాకా నీళ్లు పోసి తేటపడనివ్వాలి. తెల్ల కప్పుల్లో మీ బావి నీళ్లు నింపి, పైనున్న తేట ద్రావణం మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదానిలో రెండు, అలా ఆరో దాకా వేసి, ఒక్కోదాన్ని వేరే పుల్లతో కలపాలి. అరగంట ఆగి, ఒక్కో కప్పులో మూడు చుక్కల స్టార్చ్ అయోడైడ్ వేస్తే మిగులు క్లోరిన్ ఉన్న కప్పులు నీలంగా మారతాయి. స్పష్టంగా నీలమైన మొదటి కప్పు ఎన్నోదో చూసి దాన్ని 2తో గుణించండి. 455 లీటర్ల నీళ్లకు అన్ని గ్రాముల పొడి కావాలి.

ఒక బావితో చేసి చూద్దాం. వెడల్పు 3 మీటర్లు, నీళ్ల లోతు 4 మీటర్లు. వెడల్పును వెడల్పుతో, ఆపైన లోతుతో, 3.14తో గుణించి 4తో భాగిస్తే 28.26 ఘనపు మీటర్లు, అంటే 28,260 లీటర్లు. రెండో కప్పు నీలమైందనుకోండి, 455 లీటర్లకు 4 గ్రాములు. 28,260ని 455తో భాగిస్తే 62, దాన్ని 4తో గుణిస్తే 248. పావు కిలో పొడి సరిపోతుంది. దాన్ని మూడు బకెట్లలో కలపండి, ఒక బకెట్‌కు 100 గ్రాములు దాటొద్దు. పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లను వేరే బకెట్లోకి వంపి, చేదతో బావి నీళ్ల లోపలికి దించి, పైకీ కిందికీ, పక్కలకూ కదపాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేయకండి, నీళ్ల కఠినత్వం ఇంకా పెరుగుతుంది. గంట తర్వాతే తోడుకోవాలి. ఆ గంట అయ్యాక కిట్‌తో మళ్లీ చూడకపోతే ఈ లెక్కంతా చేసి లాభం లేదు.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచ తాలూకా ఊళ్లు మునిగినప్పటి నీళ్లను తలుచుకోండి. అంత బురద నీళ్లలో క్లోరిన్ సరిగా పని చేయదు, మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి. మునిగిన బావిని ముందు తోడించి శుభ్రం చేయాలి. బిందె నీళ్లయితే పటిక తిప్పి తేర్చి, వడకట్టి, ఆ తర్వాతే క్లోరిన్ వేసుకోవాలి. గుడ్డతో వడకట్టడం ఒక్కటే చాలదు.

ఈ పరీక్షలో మంచి అంకె వచ్చిందని మిగతావన్నీ బాగున్నాయని అనుకోవద్దు. చంద్రపూర్, యవత్మాళ్, నాందేడ్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరింగుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. క్లోరిన్ దాన్ని తాకను కూడా తాకదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. నైట్రేట్ సంగతీ అంతే.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఈ కిట్ వాడటం నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. వాళ్ల చేతికి కిట్ అందిందా, మందు గడువు తేదీ దాటిందా అని కూడా చూడండి. మహారాష్ట్రలో వానలకు ముందు, వానల తర్వాత జరిగే పారిశుధ్య పరిశీలనలో ఊరికి ఎరుపు, పసుపు లేదా ఆకుపచ్చ కార్డు ఇస్తారు. పోయినసారి మీ ఊరికి ఏది వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఊరి నీళ్ల భద్రత చూసే జల్ సురక్షక్‌ను అడిగి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

ఈ వారం చేయాల్సిన పని: మూడు నల్లాలు ఎంచుకుని, నీళ్లు వదిలిన ప్రతి రోజూ కొలవండి. చివరి నల్లాలో వరసగా రెండుసార్లు 0.2 కంటే తక్కువ వస్తే వారం ముగిసేదాకా ఆగకండి. తేదీ, సమయం, మూడు అంకెలు రాసి గ్రామసేవక్‌కి, ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటిదాకా ఆ వాడవాళ్లు నీళ్లు బాగా మరిగించి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పండి. వచ్చే పాఠం ఫ్లోరైడ్ మీద. దానికోసం మీరు రోజూ తాగే బోరింగ్ నీళ్లు ఒక లీటరు పట్టి ఉంచండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి, దానిమీద బోరింగ్ ఎక్కడుందో, ఏ రోజు పట్టారో రాసి అతికించండి.