రెట్రో సైబర్‌పంక్ పాయింట్ అండ్ క్లిక్ గేమ్: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ చూడ్డానికి తేలిక. గెంతడం, కాల్చడం ఏమీ లేవు. బొమ్మ, మౌస్, మాటలు, అంతే. అందుకే మొదటి గేమ్‌గా దీన్ని ఎంచుకునేవాళ్లు చాలామంది. చిక్కేమిటంటే, ఇందులో లోపం ఒకచోట పుట్టి ఇంకోచోట బయటపడుతుంది. బొమ్మ వికారంగా ఉందంటే తప్పు రిజల్యూషన్‌ది కావచ్చు. పజిల్ కష్టంగా ఉందంటే తప్పు బొమ్మది కావచ్చు. కాబట్టి కనిపించినచోటే అతుకు వేయకుండా మూలం దాకా వెళ్లాలి.

పాత్ర నడుస్తుంటే పిక్సెల్స్ వణుకుతున్నాయి

మొదట అనుమానించాల్సింది స్కేలింగ్‌ని. 320×200లో గీసి, 1920×1080 తెర ఎత్తు నింపమంటే ప్రతి పిక్సెల్ 5.4 రెట్లు పెరగాలి. అది కుదరదు కాబట్టి కొన్ని వరసలు ఐదు, కొన్ని ఆరు పిక్సెల్స్ మందం అవుతాయి. పాత్ర కదిలినప్పుడల్లా ముఖంలో ఏ వరస మందమో మారిపోతుంది. మనకు కనిపించే వణుకు అదే. 320×180లో గీస్తే ఈ గొడవ లేదు: 720కి 4 రెట్లు, 1080కి 6, 1440కి 8, 4కే తెరకి 12. అన్నీ పూర్ణాంకాలే. గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో (ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) అయితే స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్, స్కేల్ మోడ్ ఇంటిజర్ (4.2 నుంచి ఉంది), టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్ పెట్టండి. కెమెరా, పాత్ర రెండూ పూర్తి పిక్సెల్ మీదే ఆగేలా స్నాప్ ఆన్ చేయండి.

320×200 మీద మోజు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1987లో వచ్చిన వీజీఏ అనే పీసీ డిస్‌ప్లే ప్రమాణంలో ఆ చిత్రం 4:3 తెరని నింపేది, అంటే పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు 20 శాతం ఎక్కువ. పాత స్క్రీన్‌షాట్‌లని చదరపు పిక్సెల్స్‌లో చూసి కొలతలు తీసుకుంటే మీ మనుషులంతా పొట్టిగా తయారవుతారు. అచ్చం అప్పటి రూపమే కావాలంటే అడ్డంగా 5, నిలువుగా 6 రెట్లు పెంచి 1600×1200 చేయండి. పైన చెప్పిన పూర్ణాంకాల సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

స్కేలింగ్ సరిగ్గానే ఉండి, పాత్ర గది లోపలికి వెళ్తున్నప్పుడు మాత్రమే ముఖం చెదిరిపోతుంటే, దూరానికి తగ్గట్టు స్ప్రైట్‌ని (పాత్ర బొమ్మని) ఇంజిన్ కుదిస్తోందన్నమాట. 40 పిక్సెల్స్ మనిషిని 73 శాతానికి తగ్గిస్తే కళ్లు మాయమవుతాయి. దగ్గరికి ఒకటి, దూరానికి ఒకటి విడిగా గీయండి. లేదా గదినే లోతు లేకుండా గీయండి. నా ఓటు రెండోదానికే, పని సగం తగ్గుతుంది.

నియాన్ నిండా ఉంది, ఏది నొక్కాలో తెలియడం లేదు

ఆడేవాళ్లు మౌస్‌తో తెరంతా తుడుస్తుంటారు. మనం పజిల్ కష్టమైందనుకుని సూచనలు పెంచుతాం. నిజానికి వాళ్లకి వస్తువే కనబడలేదు. ప్రతి బోర్డూ గులాబీ, ప్రతి వైరూ నీలం, పైన వాన: సైబర్‌పంక్ గదులు ఈ ఉచ్చులో పడటానికి సిద్ధంగా ఉంటాయి.

గది చిత్రాన్ని ఒకసారి గ్రేస్కేల్‌లోకి మార్చి చూడండి. నొక్కాల్సిన వస్తువు వెనకనున్న గోడలో కలిసిపోతోందా? అయితే రంగు మార్చి లాభం లేదు, వెలుగూ నీడా మార్చాలి. దృశ్యంలో ఎక్కువ భాగం మాసిన ఊదా, మురికి ఆకుపచ్చ, నలుపుకి దగ్గరి నీలంతో గీసి, నిండు రంగుని కొన్ని చోట్లకే దాచుకోండి. నియాన్ గొట్టం నడిబొడ్డు దాదాపు తెల్లగా ఉండాలి. రంగు దాని చుట్టూ, తడి నేల మీద, పక్క మనిషి భుజం మీద కనిపించాలి. గొట్టాన్నే చిక్కటి గులాబీతో నింపితే అది వెలగదు, పెయింట్ వేసినట్టు ఉంటుంది.

బోర్డు మిణుకుమనడానికి ఫ్రేముల కొద్దీ గీయనక్కర్లేదు. 256 రంగుల రోజుల్లో బొమ్మ ముట్టుకోకుండా పాలెట్‌లో (రంగుల పట్టికలో) రంగులని వరసగా తిప్పేవాళ్లు. ఇప్పుడు చిన్న షేడర్‌తో (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో) అదే చేయొచ్చు. గ్లో (వెలుగు చుట్టూ కాంతి), సీఆర్‌టీ (పాత గొట్టపు తెరల రూపమిచ్చే) ఫిల్టర్ల విషయంలో క్రమం ముఖ్యం: గ్లో తక్కువ రిజల్యూషన్‌లోనే వేసి తర్వాత పెంచాలి, స్కాన్‌లైన్లు (ఆ పాత తెరల అడ్డగీతలు) మాత్రం పెంచాక చివర్లో వేయాలి. తారుమారైతే గ్లో మరీ నునుపుగా ఉండి పిక్సెల్ బొమ్మకి అతకదు, స్కాన్‌లైన్లు గళ్లగళ్లుగా కనిపిస్తాయి.

మూడు పిక్సెల్స్ కీకార్డుకి మూడు పిక్సెల్స్ హాట్‌స్పాట్ (నొక్కితే స్పందించే చోటు) పెట్టకండి. నొక్కే ప్రాంతం బొమ్మ కన్నా పెద్దదిగా ఉండొచ్చు. హాట్‌స్పాట్లన్నీ చూపించే కీ ఒకటి ఇవ్వండి. అది ఆటని చెడగొడుతుందనేవాళ్లున్నారు కానీ, పిక్సెల్ వెతుకులాటని పజిల్ అనలేం.

పాత్ర జారుతున్నట్టు నడుస్తోంది, బల్ల ముందున్నా వెనకున్నట్టు కనిపిస్తోంది

మొదటిదానికి కారణం అడుగు పొడవూ వేగమూ కలవకపోవడం. 8 ఫ్రేముల నడకలో పాత్ర 24 పిక్సెల్స్ ముందుకెళ్లాలంటే ఫ్రేముకి 3 పిక్సెల్స్, ఫ్రేము మారినప్పుడే కదలాలి. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఇంజిన్‌లో దీనికి యాంటీ గ్లైడ్ మోడ్ ఉంది. రెండోది బేస్‌లైన్ (ఏది ముందో ఏది వెనకో ఇంజిన్ తేల్చుకునే గీత) తప్పు: స్ప్రైట్ పివట్ (దాని స్థానాన్ని కొలిచే బిందువు) పాదాల దగ్గర, బల్ల బేస్‌లైన్ కాళ్లు నేలకి తగిలేచోట ఉండాలి.

ఆడేవాళ్లు ఇరుక్కుపోతున్నారు

ఇరుక్కోవడం మూడు రకాలు. ఏం చేయాలో తెలియకపోవడం, తెలిసినా వస్తువు దొరక్కపోవడం, అన్నీ చేతిలో ఉన్నా లంకె తట్టకపోవడం. మందు మూడింటికీ వేరు కాబట్టి ముందు ఏ రకమో తేల్చాలి. పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడండి. ఏ వస్తువుని దేనిమీద వాడారో లాగ్ చేయండి.

మొదటి రకం ఎక్కువగా వరస తిరగబడటం వల్ల వస్తుంది. తాళం వేసిన తలుపు చూడకముందే చెత్తడబ్బాలో డేటా చిప్ దొరుకుతుంది. అప్పుడు ఆడేవాళ్లకి సమస్య ఉండదు, జేబులో జవాబు మాత్రం ఉంటుంది. అడ్వెంచర్ గేమ్‌ల రూపకర్త రాన్ గిల్బర్ట్ 1989లో రాసిన వ్యాసంలోనే ఈ తలకిందుల పజిల్స్‌ని తప్పుపట్టాడు. తలుపు ముందు, చిప్ తర్వాత. రెండో రకానికి, ఆఖరి దృశ్యం నుంచి వెనక్కి వస్తూ దేనికి ఏది కావాలో కాగితం మీద గీయండి. ఆ పటం ఒకే నిలువు గీతగా వస్తే ఎక్కడ ఆగినా ఆట మొత్తం ఆగిపోతుంది. ఎప్పుడూ రెండు మూడు దారులు తెరిచి ఉంచండి.

మూడో రకంలో సైబర్‌పంక్‌కే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది: ప్రతి అడ్డంకీ పాస్‌వర్డ్ అడిగే టెర్మినల్. చీటీ మీద చదివి టైప్ చేయడం పజిల్ కాదు, కూలిపని. ఆ ప్రపంచంలో తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరి ఇంప్లాంట్ బాకీలో ఉంది, కెమెరా ఎవరిని మనిషిగా లెక్కపెట్టదు, ఇలాంటి నియమాల నుంచి పజిల్ తీయండి. అప్పుడు లంకె కథలోంచే తడుతుంది.

తప్పు ప్రయత్నాలకి జవాబులూ రాయాలి. 15 వస్తువులు, 12 హాట్‌స్పాట్లు ఉంటే 180 జతలు. అన్నిటికీ రాయలేం. లాగ్‌లో ఎక్కువమంది ప్రయత్నించిన జతలు చూసి వాటికి రాయండి. దగ్గరగా వచ్చినవాళ్లకి "అది కుదరదు" అని చెబితే సరైన దారినే వదిలేస్తారు.

తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి

యూనికోడ్ చదవగలగడం వేరు, షేపింగ్ చేయగలగడం వేరు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు కోడ్‌లు. వాటిని కలిపి ఒక రూపం చేసే పని షేపింగ్ ఇంజిన్‌ది. గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ ఉంది కాబట్టి అక్కడ చిక్కు తక్కువ. అది లేని ఇంజిన్‌లో ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా వత్తులు పక్కకే పడతాయి. ఇంజిన్ ఎంచుకోకముందే ఒక వాక్యం టైప్ చేసి చూసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా, టైప్‌రైటర్ ఎఫెక్ట్‌లో (అక్షరాలు ఒక్కొక్కటిగా కనిపించే పద్ధతిలో) ‘క్’ వచ్చి, అది ఎగిరిపోయి ‘క్ష’ అవుతుంటే, కోడ్‌లని ఒక్కొక్కటిగా చూపిస్తున్నారన్నమాట. కనిపించే అక్షరాల లెక్కని షేపింగ్ తర్వాత జరిగేలా మార్చండి. ఇక 8 పిక్సెల్స్ ఎత్తులో వత్తులూ గుడులూ ఇమడవు. బొమ్మని 320×180లోనే ఉంచి, మాటలని తెర అసలు రిజల్యూషన్‌లో వేరే లేయర్ మీద వేయడమే మేలు. రెట్రో స్వచ్ఛత కొంచెం పోతుంది, పోనివ్వండి.

చనిపోయినవాడు పక్క గదిలో మాట్లాడుతున్నాడు

ఎక్కడపడితే అక్కడ చల్లిన అవును-కాదు వేరియబుల్స్ పని ఇది. అవి 20 ఉంటే పది లక్షలకు పైగా కలయికలు, వాటిని పరీక్షించడం ఎవరి తరమూ కాదు. ఒక్కో కథాపాయకి ఒకే స్థితి పెట్టండి: చూడలేదు, కలిశాడు, మోసపోయాడు, చనిపోయాడు. గదులన్నీ దాన్నే అడగాలి. కొత్త బిల్డ్‌లో పాత సేవ్‌లు తెరుచుకోకపోవడమూ మామూలే. ఈ స్థితులనే మీ సొంత ఫైల్‌లో రాసుకుంటే అధ్యాయం మొదటి నుంచైనా కొనసాగించొచ్చు.

సంగీతం తిరిగి మొదలైనప్పుడు చిన్న ఖాళీ వస్తోంది

ఎంపీ3 ఎన్‌కోడింగ్ మొదట్లో, చివర్లో నిశ్శబ్దం చేరుస్తుంది. ఓజీజీ లేదా వేవ్ వాడండి. ఖాళీ పోయినా సింథ్ ప్రతిధ్వని టక్కున తెగుతుంటే, పాటని వరసగా రెండుసార్లు వాయించి రెండో ఆవృత్తిని మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయండి. మొదటిదాని తోక రెండోదాని ఆరంభంలో కలిసిపోయి అతుకు వినబడదు.