విశాఖలో కీటకాల ప్రదర్శనను ఎలా ఏర్పాటు చేయాలి?

పాఠశాలలోనో కాలనీ సమావేశ మందిరంలోనో కీటకాల ప్రదర్శన పెట్టేవారు సాధారణంగా విజ్ఞానానికి ఒక గది, కళకు ఒక గది, బతికున్న పురుగులకు ఒక మూల కేటాయిస్తారు. అలా విడదీయవద్దని నా గట్టి సూచన. ఒక్కో కీటకానికి ఒక్కో బల్ల ఇచ్చి, దాని జీవితాన్నీ, శరీర నిర్మాణాన్నీ, దాని నుంచి పుట్టిన కళనూ పక్కపక్కనే ఉంచితే వాటి మధ్య బంధం చూసేవారి కళ్లకు కడుతుంది.

మొదట బతికున్న కీటకాలతో పని మొదలుపెట్టాలి. తక్కినవన్నీ మన వీలును బట్టి సిద్ధమవుతాయి గాని, ఇవి తమ వేళకే ఎదుగుతాయి. ప్రదర్శనకు మూడు నాలుగు వారాల ముందు పెరటిలోని నిమ్మ, కరివేపాకు మొక్కల లేత ఆకులను పరిశీలించండి. నిమ్మ సీతాకోకచిలుక అక్కడ గసగసం గింజంత లేతపసుపు గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. చిన్న గొంగళిపురుగు అచ్చం పక్షి రెట్టలా ఉండి, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. బెదిరితే దాని తల వెనుక నుంచి నారింజ రంగు జంటకొమ్ము పొడుచుకువచ్చి ఘాటైన వాసన వెదజల్లుతుంది. దానిని దోమతెర గుడ్డతో కుట్టిన పెట్టెలో ఉంచి, రోజూ తాజా ఆకులు వేయండి. బజారులో కొన్న ఆకుపై పురుగుమందు ఉండవచ్చు కనుక పెరటి ఆకునే వాడండి. ప్యూపా (గొంగళిపురుగు కదలకుండా ఉండి సీతాకోకచిలుకగా మారే దశ) నుంచి వెలువడిన సీతాకోకచిలుక వేలాడి, ముడుచుకున్న తడి రెక్కలను ఆరబెట్టుకోవడానికి పెట్టెలో నిలువు పుల్లలు తప్పనిసరి. కంబాలకొండ అభయారణ్యం నుంచి మాత్రం ఏ ప్రాణినీ తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడి జీవులకు రక్షణ కల్పిస్తోంది.

తరువాత నమూనాలు. వాటి కోసం దేనినీ చంపనక్కరలేదు; వాన పడిన మర్నాడు వీధిదీపాల కింద చచ్చిపడిన పెంకుపురుగులు కావలసినన్ని దొరుకుతాయి. పెంకుపురుగుకు కుడి రెక్కపెంకులో, సీతాకోకచిలుకకు ఛాతీ నడుమ సూది గుచ్చి, దొరికిన చోటునూ తేదీనీ చీటీపై రాయండి. సముద్రపు తేమకు బూజు పట్టకుండా నమూనాల పెట్టెను బిగుతుగా మూసి ఉంచాలి. అందులో కలరా ఉండలు వేస్తే, ఆ పెట్టెను బతికున్న పురుగులకు దూరంగా పెట్టండి. ఆ ఆవిరి వాటికి విషం.

కళ కోసం దూరం వెళ్లనక్కరలేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఊరి లక్క బొమ్మ ఒకటి తెచ్చి, లక్క అంటిన కొమ్మ పక్కన భూతద్దంతో సహా ఉంచండి. ఆడ లక్కపురుగులు కొమ్మ రసం పీల్చి తమ చుట్టూ స్రవించే జిగురే లక్క. తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను అదిమినప్పుడు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి నునుపైన పూతగా మారుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మల మెరుపు ఒక పురుగు నుంచి వచ్చిందని తెలిసిన పిల్లలు బొమ్మను వదలరు.

ప్రవేశద్వారం దగ్గర ఆరుద్ర పురుగు బొమ్మ గీసి, కాళ్లు లెక్కపెట్టమనండి. ఎదిగిన దానికి ఎనిమిది కాళ్లు, కీటకానికి ఆరే. పేరు పురుగైనా అది సాలీడుకు దగ్గరి చుట్టం.

ప్రదర్శనను ఉదయమే తెరవండి, సీతాకోకచిలుకలు ప్యూపా నుంచి తరచుగా ఆ వేళకే వెలువడతాయి. రెక్కలు పూర్తిగా ఆరాక, గుడ్డు దొరికిన మొక్క దగ్గరే వాటిని వదిలిపెట్టండి.